డ్రైవర్ ఎర్ర సిగ్నల్ చూడకపోతే రైలును ఎవరు ఆపుతారు?

దట్టమైన పొగమంచులో ఎర్ర దీపం కళ్లబడకపోతే? పైగా రైలు బ్రేకు వేయగానే ఆగే బండి కాదు. నున్నటి పట్టాల మీద నున్నటి చక్రాలు కదా, ఆగేలోపు చాలా దూరం పోతుంది. అందుకే మన రైళ్లకు ‘కవచ్’ పెడుతున్నారు.

పట్టాల మధ్య చిన్న చిన్న ట్యాగులు బిగిస్తారు. వాటి మీదుగా వెళ్తూ ఇంజను తానెక్కడుందో తెలుసుకుంటుంది. ముందున్న సిగ్నల్ ఎరుపో పచ్చో రేడియో ద్వారా తెలుస్తుంది. ఇక అంతా మీ అమ్మ పద్ధతే! ముందు పిలుస్తుంది, లేవకపోతే దుప్పటి లాగేస్తుంది. కవచ్ కూడా మొదట మోగుతుంది. డ్రైవర్ పలకకపోతే తనే బ్రేకు వేసేస్తుంది.

2022 మార్చి 4న వికారాబాద్ వైపు గుల్లగూడ, చిట్గిద్ద స్టేషన్ల మధ్య దీన్ని పరీక్షించారు. ఒకే పట్టాల మీద రెండు ఇంజన్లు ఎదురెదురుగా! ఒకదాంట్లో సాక్షాత్తూ రైల్వే మంత్రి. 380 మీటర్ల ఎడం ఉండగానే అవి ఆగిపోయాయి.