నదీస్నానము – వినికిడి యంత్రము

భూపాలపల్లి జిల్లా కాళేశ్వరమున గోదావరీ ప్రాణహితలు కలియుచున్నవి. 2025 మే నెలలో సరస్వతీ పుష్కరములు జరిగినదియు అచ్చటనే. అట్టి రేవున స్నానమునకు దిగుటకు ముందు వినికిడి యంత్రమును చెవినుండి తీయవలెను. దానిని కొంగున ముడివేయరాదు. తేమను పీల్చు సిలికా జెల్ పొట్లముతో, మూత బిగువైన డబ్బీలో ఉంచి, ఒడ్డుననున్న మనవారి కప్పగింపవలెను.

చెమటయు యంత్రమునకు చెరుపే. నడుమ నడుమ పొడిగుడ్డతో తుడువవలెను. ఒకవేళ తడిసినచో యంత్రము నాపి, బ్యాటరీ తీయదగినదైన తీసి, నీడలో ఆరనిండు. ఎండలోగాని పొయ్యికడగాని పెట్టినచో లోపలి భాగములు చెడును. తీసిన గుండీ బ్యాటరీ పసిపిల్లల కందరాదు, మ్రింగిన ప్రాణాపాయము.

మరియొక మాట. యంత్రము తీసినపిదప “లోతున్నది, వెనుకకు రండి” అను కేక వినబడకపోవచ్చును. కనుక నీటిలో దిగకమునుపే తోడివారితో చేసైగలు నిర్ణయించుకొనుడు. వారి చేయి విడువకుడు.