కాగితం మీద కార్ల కార్ఖానా

మీకు తెలుసా? ఫ్రాన్సులో వాయాంత్ పేరుతో కార్లు, లారీలు, మోటార్ సైకిళ్లు తయారుచేసే కంపెనీ ఒకటుంది. అరవై ఏళ్లకు పైగా అక్కడి పిల్లలకీ, వాళ్ల తాతలకీ దాని పేరు పరిచయం. నీలం రంగు వాయాంత్ కారు ఫార్ములా వన్ మొదలు ర్యాలీల దాకా దిగని పందెం లేదు. కొనుక్కుందామంటే మాత్రం దొరకదు. దాని కార్ఖానా మొత్తం ఒక చిత్రకారుడి బల్ల మీదే ఉంది.

ఆ చిత్రకారుడు జాన్ గ్రతోన్. 1923లో నాంత్ నగరంలో పుట్టాడు. 1957లో ‘టిన్‌టిన్’ వారపత్రికలో మిషెల్ వాయాన్ అనే కుర్ర రేసర్‌తో బొమ్మల కథ మొదలుపెట్టాడు. మిషెల్ వాళ్ల నాన్న ఆన్రీ కంపెనీ పెట్టినాయన. అన్న జాన్-పియెర్ వెనకుండి వ్యవహారాలు చూస్తాడు, తమ్ముడు స్టీరింగ్ పట్టుకుంటాడు. ఇంటిల్లిపాదికీ ఇంజినే లోకం. అమెరికా నుంచి వచ్చిన స్టీవ్ వార్సన్ మొదట్లో మిషెల్‌కి ప్రత్యర్థి, తర్వాత ప్రాణస్నేహితుడు.

కంపెనీ కల్పితమే కానీ పందేలు కల్పితం కావు. గ్రతోన్ బొమ్మల్లో, 24 గంటల పందెం జరిగే లె మాన్ ట్రాకు అచ్చంగా లె మాన్‌లాగే ఉంటుంది. వాయాంత్ పక్కన పరుగెత్తేవి ఆ కాలంలో నిజంగా పోటీపడిన కార్లు. జాకీ ఇక్స్ లాంటి అసలు రేసర్లు పాత్రలై వచ్చి మిషెల్‌తో మాట్లాడతారు. ఇక ఇంజిన్ మోతని ఆయన అక్షరాలతోనే గీశాడు. ‘వ్రొఆఆర్’ అని కారు కంటే పెద్ద అక్షరాలు పేజీకి అడ్డంగా, కారుతో పోటీపడి పరుగెడుతుంటాయి. నా దృష్టిలో గ్రతోన్ గొప్పతనం ఇక్కడే ఉంది. అసలు కార్లను అంత శ్రద్ధగా గీశాడు కాబట్టే లేని కారు కూడా ఉన్నట్టే నమ్మించింది.

1967లో ఈ కథలు టీవీ సీరియల్‌గా వచ్చినప్పుడు హీరో కోసం నటుల్ని వెతకలేదు. ఆన్రీ గ్రాన్సిర్ అనే అసలు రేసర్‌నే మిషెల్ వేషంలో కూర్చోబెట్టారు.

తర్వాత సినిమా. లుక్ బెసాన్ రాసి నిర్మించిన ‘మిషెల్ వాయాన్’ 2003లో విడుదలైంది. దాని కోసం 2002 లె మాన్ 24 గంటల పందెంలో, నిజం పందెంలోనే, రెండు కార్లు దింపారు. ఒకటి వాయాంత్ రంగుల్లో ఉన్న లోలా. రెండోది కథలో విలన్ జట్టయిన లీడర్ రంగులు వేసుకున్న పానోజ్. రెండిటినీ నడిపింది డామ్స్ అనే అసలైన రేసింగ్ జట్టు. ప్రేక్షకుల గ్యాలరీలు, రాత్రిపూట హెడ్‌లైట్లు, పిట్‌లో హడావుడి, అన్నీ నిజమైన పందెంలోవే కాబట్టి సెట్ వేయాల్సిన పని తగ్గింది.

2012లో స్విట్జర్లాండ్ రేసర్ అలాన్ మెన్యూ పోర్చుగల్‌లో జరిగిన ప్రపంచ టూరింగ్ కార్ పోటీలో మిషెల్ వాయాన్ పేరుతోనే బరిలోకి దిగాడు.

అన్నిటికంటే నాకు ఇష్టమైన ఘట్టం 2017ది. ఆ ఏడాది రెబెలియన్ అనే స్విస్ జట్టు ‘వాయాంత్ రెబెలియన్’ పేరుతో ప్రపంచ ఎండ్యూరెన్స్ చాంపియన్‌షిప్‌లో ఎల్‌ఎంపీ2 తరగతిలో రెండు కార్లు నడిపింది. 31వ నంబరు కారులో ఎవరెవరున్నారో చూడండి: అయర్టన్ సెనా మేనల్లుడు బ్రూనో సెనా, అలాన్ ప్రోస్ట్ కొడుకు నికొలా ప్రోస్ట్, వాళ్లతో జూలియెన్ కనాల్. ఫార్ములా వన్ ట్రాకు మీద ఉప్పూ నిప్పూగా ఉన్న సెనా, ప్రోస్ట్‌ల వారసులు ఒకే కారు పంచుకున్నారు. బొమ్మల కథలో రాసుంటే అతిగా ఉందనేవాళ్లు. ఆ ఏడాది తమ తరగతిలో జట్ల టైటిల్‌ కూడా వాయాంత్ రెబెలియనే గెలిచింది.

అదే ఏడాది లె మాన్‌లో 13వ నంబరు వాయాంత్ కారుది ఇంకో కథ. దాన్ని నడిపిన ముగ్గురిలో నెల్సన్ పికే జూనియర్, మతియాస్ బెష్ కాక మూడోవాడు డేవిడ్ హైనమైయర్ హాన్సన్. సాఫ్ట్‌వేర్ రంగంలో ఉన్నవాళ్లకు ఈ పేరు బాగా తెలుసు, రూబీ ఆన్ రైల్స్ తయారుచేసినవాడు ఇతనే. మొత్తం 60 కార్ల పందెంలో ఆ కారు మూడోదిగా గీత దాటింది. కానీ పందెం మధ్యలో సెల్ఫ్ మోటారు మొరాయించింది. మన లారీ మెకానిక్కులు సెల్ఫ్ పట్టనప్పుడు మోటారు మీద రెండు దెబ్బలు వేసినట్టే వాళ్లూ దాన్ని తట్టి లేపాలనుకున్నారు. చేయి దూరడానికి బాడీలో ఓ చిన్న కన్నం కోశారు. పందెం అయ్యాక తనిఖీలో అది బయటపడింది. ఆమోదం పొందిన బాడీని మార్చడం నిబంధనలకు విరుద్ధం. ఫలితం రద్దయింది. ఆ మూడో స్థానం జాకీ చాన్ జట్టు కారుకు దక్కింది. అవును, ఆ జాకీ చానే. అన్నట్టు, ఈ కారు నంబరు 13 కదా, గ్రతోన్ 1963 ఆల్బమ్ ఒకదాని పేరు, తెలుగులో చెప్పాలంటే, ‘బరిలో 13’.

మోటార్ సైకిళ్లనూ గ్రతోన్ వదల్లేదు. 1971లో వచ్చిన ‘రోదెయో సుర్ దె రూ’ ఆల్బమ్ పేరులోనే రెండు చక్రాలున్నాయి. 1976లో జూలీ వుడ్ అనే అమెరికన్ అమ్మాయిని బైక్ రేసర్‌గా పెట్టి ఏకంగా వేరే సిరీసే మొదలుపెట్టాడు. ఆడపిల్లను వెనక సీటులో కూర్చోబెట్టకుండా హ్యాండిల్ చేతికివ్వడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. గ్రతోన్ 2021 జనవరిలో, 97 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

ఇలాంటి కల్పిత కంపెనీలూ కార్లూ ఇంకా ఉన్నాయి. బెల్జియం చిత్రకారుడు ఫ్రాంకిన్ తన స్పిరూ బొమ్మల కథల్లో 1950ల్లోనే టర్బోట్రాక్షన్ అనే ముచ్చటైన కారు గీశాడు.

‘ది సింప్సన్స్’ కార్టూన్‌లో పావెల్ మోటార్స్‌ది విషాదం. 1991 నాటి ఎపిసోడ్‌లో కంపెనీ యజమాని తన తమ్ముడు హోమర్‌కి నచ్చినట్టు కారు తయారుచేయమంటాడు. రెండు గాజు బుడగలున్న ఆ కారు ధర 82,000 డాలర్లు పలికి, కంపెనీని దివాలా తీయిస్తుంది. 2013లో అమెరికాలో కొందరు ఔత్సాహికులు పాత బీఎండబ్ల్యూని అచ్చం ఆ కారులా మార్చి, లెమన్స్ అనే పాత కార్ల పందెంలో నడిపారు.

గ్రాండ్ థెఫ్ట్ ఆటో 5 వీడియో ఆటలో పెగాసీ అనే కంపెనీ కార్లూ బైకులూ రెండూ చేస్తుంది. కార్లలో లాంబోర్గినీ పోలికలు, బాటి 801 బైకులో డుకాటీ పోలికలు కనిపిస్తాయి. ఆట 2013లో వచ్చింది. అంతకు ముందు ఏడాదే, 2012లో, లాంబోర్గినీ నిజంగానే డుకాటీని కొనేసింది.

దీనికి తిరగేసిన సంగతి కూడా ఉంది. నటుడు కీయానూ రీవ్స్, బైకుల నిపుణుడు గార్డ్ హాలింజర్ కలిసి 2011లో స్థాపించిన ఆర్చ్ అసలైన మోటార్ సైకిల్ కంపెనీ. 2020లో వచ్చిన సైబర్‌పంక్ 2077 ఆటలో కల్పిత కంపెనీల బళ్ల మధ్య ఆర్చ్ నజారే బైకు కూడా తిరుగుతుంటుంది. ఆ ఆటలో ముఖ్యపాత్ర జానీ సిల్వర్‌హ్యాండ్‌కి ముఖమూ గొంతూ ఇచ్చింది కూడా రీవ్సే.