డెర్బీలో కట్టిన గంగాతీరం
గదికి గది అతికించి, గోడకు బొమ్మ అంటించి కంప్యూటర్ ఆటల నిర్మాణం

1998 నవంబరులో విడుదలైన 'టూంబ్ రైడర్ 3' అనే కంప్యూటర్ ఆట భారతదేశపు అడవిలో ప్రారంభమవుతుంది. అడవి, శిథిలాలయం, గంగానది, కాళీయుని పేరు పెట్టిన గుహలు - ఈ నాలుగు ఘట్టాలూ ఇంగ్లండులోని డెర్బీ నగరానికి చెందిన కోర్ డిజైన్ సంస్థ సృష్టి. ఆరు చేతుల శివ విగ్రహాలు ప్రాణం పోసుకుని కత్తులు దూసే ఆ ఆలయం మన ఆగమాలకు ఎంత దూరమో వేరే చెప్పనక్కరలేదు. అయితే దానిని నిర్మించిన పద్ధతి మాత్రం తెలుసుకోదగినది.

ఆ ఆటలో అడవి, నది అన్నవి చూసేవారి భ్రమ మాత్రమే. ఉన్నవన్నీ గదులే. ఆరుబయలు కూడా ఆకాశం పైకప్పుగా గల ఒక గది! గచ్చును చదరపు గళ్లుగా విభజించి, ఒక్కొక్క గడిని పైకి లేపుతూ, కిందికి దించుతూ మెట్లను, గోతులను, కొండచరియలను రూపొందిస్తారు. ఎత్తుకు ప్రమాణం గడి పొడవులో నాలుగో వంతు. మూడవ ఆటలో గడిని కర్ణం వెంబడి రెండు త్రిభుజాలుగా విడదీసే వెసులుబాటు లభించింది. అడవి నేలకు సహజమైన ఎగుడుదిగుడులు వచ్చింది అందువల్లనే.

ఇక కొలతలన్నీ కథానాయిక లారా క్రాఫ్ట్ అంగలను బట్టే. ఆమె నిలుచున్న చోటి నుంచి దూకితే ఒక గడి, పరుగెత్తి దూకితే రెండు, అలా దూకి అవతలి అంచును పట్టుకుంటే మూడు గళ్లు దాటగలదు. అగాధాన్ని నాలుగు గళ్ల వెడల్పు చేస్తే అక్కడితో దారి మూసుకుపోయినట్లే.

ఈ పనిముట్టు చాలాకాలం సంస్థ సిబ్బందికే పరిమితమైంది. 2000 నవంబరులో 'టూంబ్ రైడర్ క్రానికల్స్' పర్సనల్ కంప్యూటర్ ప్రతితో పాటు మరో డిస్కులో దానిని కొనుగోలుదారులకు కూడా అందజేశారు. అందులో ఒక గది, గోడలతో కలిపి, 20 గళ్ల పొడవు, 20 గళ్ల వెడల్పుకు మించరాదు. కనుక విశాలమైన మండపం కావాలంటే పలు గదులను ఆనించి, నడుమ గోడను 'తలుపు'గా గుర్తించాలి. ఆ క్షణంలోనే గోడ మాయమవుతుంది. ఆడేవారికి అతుకు కనిపించదు.

అసలు నేర్పు అంతా గోడలకు తొడుగు వేయడంలో ఉన్నది. అడ్డం 64, నిలువు 64 చుక్కల చిన్న బొమ్మలను పలకలుగా ఎంచుకుని ఒక్కొక్క ముఖానికి అంటించాలి. నిజమైన ఇటుక సాగదు గానీ ఈ బొమ్మ సాగుతుంది. నిలువెత్తు గోడకు ఒకే పలక అంటిస్తే రాళ్లు రబ్బరులా నిలువునా లాగినట్లు కనిపిస్తాయి. అందుచేత గోడను ముందుగానే అడ్డంగా ముక్కలు చేసుకోవాలి. ఒకే పలక వరుసగా పడినా మోసం బయటపడుతుంది కాబట్టి నడుమ నాచు పట్టిన రాయి, పగిలిన రాయి చేర్చాలి. తరువాత దీపాలు. మంచి తొడుగు వేసిన గది కూడా సమానమైన వెలుతురులో అట్టపెట్టెలా ఉంటుంది. మూలల్లో కాస్త చీకటి పడితేనే అది గుహ అనిపించుకుంటుంది.

కాగా, ఇదే పని మన దేశంలో ఉపాధిగా మారడం గమనార్హం. 1997లో బెంగళూరులో ప్రారంభమైన ధ్రువ ఇంటరాక్టివ్ సంస్థ 'ఫోర్జా' వంటి విదేశీ ఆటలకు చిత్రకళను సమకూర్చి పేరు తెచ్చుకున్నది. అది 2017లో స్వీడన్‌కు చెందిన స్టార్‌బ్రీజ్ చేతికి, 2019లో అమెరికాకు చెందిన రాక్‌స్టార్ చేతికి వెళ్లింది. ఇటువంటి ఒప్పందపు పనిలో శ్రమకు వేతనం ముడుతుంది గానీ, ఆటపై హక్కు పని అప్పగించిన వారిదే. ఆ హక్కు విలువ స్వల్పమైనది కాదు. 2022లో ఎంబ్రేసర్ గ్రూపు 'టూంబ్ రైడర్' సహా పలు ఆటల హక్కులను, మూడు స్టూడియోలను కలిపి 30 కోట్ల డాలర్లకు కొనుగోలు చేసింది. యానిమేషన్, ఆటల రంగాలకు ముంబయిలో జాతీయ స్థాయి కేంద్రాన్ని నెలకొల్పేందుకు కేంద్ర మంత్రివర్గం 2024 సెప్టెంబరులో ఆమోదం తెలిపింది. అక్కడ శిక్షణ పొందేవారు గోడలకు తొడుగులు వేయడంతో ఆగుతారా, సొంత ఆటలు కడతారా అన్నది వేచి చూడవలసి ఉన్నది.

డెర్బీ సంస్థను 2006లో రెబెలియన్ అనే మరో బ్రిటిష్ సంస్థ తీసుకున్నది. ఆ పనిముట్టును మాత్రం ఔత్సాహికులు విడిచిపెట్టలేదు. దానికి బదులుగా 'టూంబ్ ఎడిటర్' పేరిట తామే కొత్తది రాసుకుని నేటికీ గదులు కడుతున్నారు. 2024 ఫిబ్రవరిలో మొదటి మూడు ఆటలు నూతన చిత్రాలతో తిరిగి విడుదలయ్యాయి. భారతదేశపు ఘట్టాలలోనూ గోడలకు కొత్త తొడుగులు వచ్చాయి. ఒక మీట నొక్కితే చాలు, వాటి స్థానంలో 1998 నాటి పాత రాళ్లు ప్రత్యక్షమవుతాయి. గళ్ల కొలతలు మాత్రం అవే.