చేప తలకు గాయమైనచో

కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతములలో సముద్రమును కన్నులార చూడని స్త్రీ లనేకులు. తీరము వందల కిలోమీటర్ల దూరమున నున్నది. అయినను నేడు పట్టణములలోని కొన్ని యిండ్లకు సముద్రమే నడచి వచ్చినట్లున్నది: ముందుగదిలో నొక గాజుతొట్టి, ఉప్పు కలిపిన నీరు, అందు నారింజవన్నె క్లౌను చేపయో, పసుపుపచ్చని సర్జను చేపయో. కొనుట పిల్లల ముచ్చట, మగవారి సరదా. మేత వేయుట, నీరు మార్చుట, చేప దిగాలుపడినప్పుడు గుర్తించుట మాత్రము తఱచుగా గృహిణి వంతు. ఈ పంపకము న్యాయమా యను ప్రశ్న నటుంచి, ఆ చేప తలపై గాయము కనబడిన నాడు ఏమి చేయవలెనో యిచ్చట వ్రాయుచున్నాను.

సముద్రమునకు దూరముగ సముద్రజీవులను పెంచుట అసాధ్యమని తలపవలదు. 1846లో ఆనా థిన్ అను ఆంగ్లవనిత టార్కీ తీరమునుండి కొన్ని పగడపు జీవులను లండనునకు తెచ్చి తన యింట బ్రతికించెను. నీటిలోనికి గాలి నెక్కించు యంత్రములు లేని కాలమది. ఆమె పనికత్తె తెరచిన కిటికీ యొద్ద నిలిచి, మనము పాలు చల్లార్చునట్లు, ఆ నీటిని ఎత్తి పోయుచుండెడిది. మరుసటి యేడు సముద్రపు పాచి మొక్కలను తొట్టిలో నుంచి ఆమె యా శ్రమను తగ్గించెను. కరెంటు పోయిన రాత్రి చెంబుతో తొట్టినీటిని తోడి కొంత ఎత్తునుండి మరల పోయు ఉపాయము నేటికిని మనకు పనికివచ్చును.

ఇక గాయము సంగతి. చేపను కోయుటకు ముందు ఉప్పును బూడిదయు వేసి రుద్ది జిగురు పోగొట్టుట మన వంటయింటి వాడుక. ఆ జిగురే ప్రాణముతో నున్న చేపకు కవచము. సముద్రపు చేప శరీరద్రవములలోని ఉప్పు చుట్టునున్న నీటిలోని ఉప్పునకు ఇంచుమించు మూడవ వంతు మాత్రమే. ఆవకాయ జాడీలో ఉప్పు మామిడిముక్కనుండి నీటిని లాగినట్లు, సముద్రజలము చేప యొడలినుండి నీటిని లాగుచుండును. చేప ఎడతెగక ఆ నీటినే త్రాగి, హెచ్చయిన ఉప్పును మొప్పలగుండ వెడలగొట్టి బ్రతుకుచున్నది. తలమీద చర్మము చీలినచో చెఱువుకట్టకు గండి పడినట్లే.

మానేరు, గోదావరి చేపలకు దీనికి విరుద్ధము. వానికి నీరు లోనికి చొచ్చును, ఒంటిలోని ఉప్పు బయటికి పోవును. అందుచేతనే దెబ్బతిన్న మంచినీటి చేపకు లీటరునకు ఒకటి రెండు గ్రాముల ఉప్పు ఊరట నిచ్చును. అది విని సముద్రపు చేప తొట్టిలో అదనముగ ఉప్పు వేయుట పుండుమీద కారము చల్లుటయే యగును.

తలమీది మచ్చ లన్నియు దెబ్బలు కావు. దెబ్బ రాత్రికి రాత్రి కనబడును. తఱచుగా ఒకవైపుననే యుండును. మూతికొన చెక్కుకొనిపోవును, నుదుట పొలుసులు రాలును, ఒక కన్ను ఉబ్బును. అప్పుడు ఇంటిలో విచారింపవలెను. చీకటిలో దీపము హఠాత్తుగ వెలిగించితిరా? బిడ్డ యెవడైన గాజును తట్టెనా? క్రొత్త చేపను తెచ్చి విడిచితిరా? మూత కదలియున్నదా? బెదరిన చేప గాజునకో, రాతికో, మూతకో తల కొట్టుకొనును. రెండు కన్నులును ఒకేసారి ఉబ్బినచో అది దెబ్బ యని సరిపెట్టుకొనరాదు. నీటి దోషమో లోపలి వ్యాధియో కావచ్చును.

మఱియొకటి వారముల తరబడి మెల్లగా వచ్చును. కన్నుల చుట్టును, పిదప ప్రక్కల నుండు పార్శ్వరేఖ వెంబడిని చిన్నచిన్న గుంటలు రెండువైపుల నేర్పడును. చేప మేత తినుచునే యుండును. సర్జను చేపలయం దిది విశేషము. పోషకాహార లోపము, నీటి దోషము దీనికి కారణములని చాలకాలముగ అనుమానించుచున్నారు. 2011లో అమెరికాయందు హెమ్‌డల్, ఓడమ్ అను వారు సర్జను చేపలపై జరిపిన ప్రయోగమును ప్రకటించిరి. తొట్టిలో నీటిని శుభ్రపరచుటకు వాడు ఒక రకపు బొగ్గు ఈ గుంటలను పుట్టించునని అందు తేలినది. కావున బొగ్గు వాడువారు దానిని బాగుగ కడిగి పొడి పోగొట్టవలెను. గుంటలు కనబడినచో తీసివేయుటయే మంచిది. సముద్రపు పాచి, విటమినులు గల మేత పెట్టవలెను.

దెబ్బకు చికిత్స యనగా మొట్టమొదట నీరే. అమ్మోనియా, నైట్రైటు పరీక్షించి చూడవలెను. రెండును సున్న యుండవలయును. అయిదవ వంతు నీరు మార్చుడు. క్రొత్త నీరు పాతదానితో సమానమైన వేడిమియు ఉప్పదనమును గలదై యుండవలెను. కుళాయినీటిలోని క్లోరిను మొప్పలను కాల్చును గనుక దానిని ముందే పోగొట్టవలెను. వంటయింటి ఉప్పు పనికిరాదు. సముద్రజలమునందలి మెగ్నీషియము, కాల్షియము మున్నగునవి దానిలో చాలవు. దీపము తగ్గించి, తరిమెడి చేపను వేరుచేసి, గాయపడినదానిని నెమ్మదిగ నుండనీయుడు. వేరొక తొట్టికి మార్చవలసి వచ్చినచో వలతో పట్టక, గిన్నెతో నీటితో సహా ఎత్తుట మేలు; వలకు ముండ్లు చిక్కి జిగురు ఇంకను పోవును. ఆ చిన్న తొట్టిలో ఉప్పదనమును క్రమముగ కొంత తగ్గించినచో చేపకు శ్రమ తగ్గును. పగడములు, రొయ్యలు ఉన్న పెద్ద తొట్టిలో మాత్రము అట్లు చేయరాదు.

మన చేయి మొదట పసుపు డబ్బా వైపు పోవును. పిల్లవాని మోకాలికి పెట్టిన పసుపు వేరు, తొట్టినీటిలో కుమ్మరించిన పసుపు వేరు. అది నీటిని చెఱచును. తామ్రముతో చేసిన మందులు పరాన్నజీవులకు గాని దెబ్బకు గావు. గాయపు అంచు ఎఱ్ఱబారి, తెల్లని పొర పట్టి, చేప వడిగా ఊపిరి తీయుచు మేత మానినచో అది సూక్ష్మజీవుల పని. అప్పుడు ఆలస్యము ప్రాణాంతకము. పశువైద్యుని అడిగి వేరు తొట్టిలోనే మందు వాడవలెను. పెద్ద తొట్టిలో పోసినచో నీటిని శుద్ధిచేయు మేలైన సూక్ష్మజీవులు కూడ నశించును. కోరుట్లలో పశువైద్య కళాశాల కలదు.

మన చెఱువుల కొరమీను, అనగా కొర్రమట్ట, 2016లో తెలంగాణమునకు రాష్ట్ర మత్స్యమైనది. దాని తలపైనను పుర్రె కనబడునంత పుండ్లు పడు వ్యాధి యొకటి కలదు. 1988లో ఈశాన్య భారతమున మొదలై పిదప దేశమంతట వ్యాపించిన యీ వ్యాధి శిలీంధ్రమును బోలిన యొక జీవివలన కలుగును, చలికాలమున హెచ్చు. ఉప్పని సముద్రజలములో నది పెరుగజాలదు. అయినను బజారు చేపను కడిగిన నీరు, ఆ చేతులు గాజుతొట్టికి సోకకుండుట మంచిది.

ఋతువులను గూడ గమనింపవలెను. రామగుండము వైపు వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటును. వేడినీటిలో ప్రాణవాయువు తక్కువ. గాయపడిన చేపకు కావలసినది ఎక్కువ. నీటిమట్టముపై పంకా గాలి తగులునట్లు చేసినచో వేడిమి కొంత తగ్గును. ఆవిరియై పోయిన నీటికి బదులు మంచినీరే పోయవలెను; ఉప్పు తొట్టిలోనే నిలిచియుండును గదా. ఆదిలాబాదు చలిలో నీటిని వెచ్చబెట్టు హీటరునకు చుట్టును జాలి యుండవలెను, లేనిచో దాని నానుకొన్న చేపకు బొబ్బలెక్కును. తొట్టిపైనను గట్టి మూతకంటె బిగువుగా కట్టిన మెత్తని వల మేలు. ఎగిరిన చేప తల పగులక మరల నీటిలోనే పడును.