వీపు మీది కుచ్చు

చాచిన కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టి నీళ్లు పోసే అమ్మమ్మకు కనిపించినంత స్పష్టంగా పసిబిడ్డ వీపు ఇంకెవరికీ కనిపించదు. నడుము మధ్యలో, సరిగ్గా వెన్నుపూసల వరుస మీద నల్లటి వెంట్రుకల కుచ్చు ఉందా? మెత్తటి కొవ్వు గడ్డో, ఎర్రటి మచ్చో, సన్నటి రంధ్రమో ఉందా? పుట్టుమచ్చలే అని ఊరుకోకండి. ఆ చర్మం కింద వెన్నుపాము రెండు పాయలుగా చీలి ఉండవచ్చు. మరీ అరుదుగా, అక్కడే ఒక కణితీ ఉండవచ్చు.

ఈ రెండూ ఒకేచోట ఎందుకు? పిండంలో వెన్నుపాము రూపుకట్టేది తొలి నాలుగు వారాల్లో. నెల తప్పిన సంగతి తల్లికి అప్పటికి తెలిసీ తెలియకుండా ఉంటుంది. ఆ రోజుల్లో పిండం పొరల నడుమ, ఉండకూడని దారి ఒకటి ఏర్పడుతుందనీ, దాన్ని తప్పించుకుంటూ వెన్నుపాము రెండుగా పెరుగుతుందనీ నాడీ శస్త్రవైద్యుడు డాక్లింగ్ పాంగ్ 1992లో ప్రతిపాదించారు. దారిలో మిగిలిన కణాలు కొందరిలో ఎముక ముల్లుగా, కొందరిలో పీచు పొరగా మారతాయి. చర్మకణాలు లోపల చిక్కుకుంటే డెర్మాయిడ్, ఎపిడెర్మాయిడ్ గడ్డలవుతాయి. డెర్మాయిడ్‌ను కోస్తే జిడ్డు, వెంట్రుకలు కనిపిస్తాయి. టెరటోమా అనే మరో రకం కణితిలో రకరకాల కణజాలాలుంటాయి. ఇవి ఎక్కువగా క్యాన్సర్ కావు, నెమ్మదిగా పెరుగుతాయి. అందుకే ఏళ్ల తరబడి బయటపడవు.

బిడ్డ ఎదిగేకొద్దీ ముల్లు దగ్గర చిక్కుకున్న వెన్నుపాము సాగి దెబ్బతింటుంది. ఒక పాదం చిన్నదవుతుంది, పిక్క సన్నబడుతుంది, వెన్ను పక్కకు వంగుతుంది. మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవుతుంది. తిట్టి మాన్పించాలని చూస్తారు చాలామంది. ఆ తిట్లకు బదులు ఆ బిడ్డకు కావలసింది పరీక్ష.

నన్ను ఎక్కువగా భయపెట్టేది మరొకటి. స్కానింగులో ఎముక ముల్లు కనబడగానే లక్షణాలన్నిటికీ అదే కారణమని తేల్చేస్తే, పైనో కిందో ఉన్న కణితి తప్పించుకుంటుంది. కాబట్టి నడుము ఒక్కటే కాదు, మొత్తం వెన్నుకు ఎంఆర్‌ఐ తీయించాలి. ఎముక వివరం సీటీలో తెలుస్తుంది. వెన్ను వంకర సరిచేసే ఆపరేషన్‌కు ముందు కూడా ఈ ఎంఆర్‌ఐ తప్పనిసరి.

ఆపరేషన్‌లో సూక్ష్మదర్శిని కింద ముల్లును అరగదీసి తీసి, కణితిని వెన్నుపాము నుంచి వేరుచేస్తారు. కాళ్ల కండరాలకు, మలద్వారపు కండరానికి పెట్టిన ఎలక్ట్రోడ్లు నరాల స్థితిని చెబుతుంటాయి. కణితి తొడుగు వెన్నుపాముకు గట్టిగా అతుక్కుంటే కొంత వదిలేయక తప్పదు. కాలు చచ్చుబడే ప్రమాదం కన్నా అదే మేలు. అది మళ్లీ పెరగవచ్చు గనక ఏళ్లపాటు ఎంఆర్‌ఐలు తీయిస్తూ ఉండాలి.

మళ్లీ పసిబిడ్డ వీపు దగ్గరికి వస్తే, మలద్వారానికి దగ్గరగా, పిరుదుల చీలికలో ఉండే చిన్న సొట్ట చాలావరకు హానిచేయదు. చీలికకు పైన ఉన్న రంధ్రం సంగతి వేరు. దాన్ని పుల్లతోనో సూదితోనో కెలకకూడదు. అది లోపలి వరకు వెళ్లి ఉంటే మెదడు పొరల వాపు రావచ్చు. పుట్టిన మొదటి మూడు నెలల్లో అయితే, వెన్ను ఎముక ఇంకా గట్టిపడదు గనక, అల్ట్రాసౌండ్‌తోనే తొలి పరీక్ష చేయించవచ్చు.