పిల్లల చెవి, ముక్కు, గొంతు: ఎప్పటిదాకా ఆగొచ్చు, ఎప్పుడు ఆగకూడదు?

అర్ధరాత్రి చెవిపోటుతో పిల్లాడు గుక్కపట్టి ఏడిస్తే ఇంటిల్లిపాదీ లేచి కూర్చుంటారు, తెల్లారీ తెల్లారకముందే ఆసుపత్రికి బయల్దేరతారు. అదే పిల్లాడు నెలల తరబడి టీవీ సౌండు పెంచుకుంటూ, పిలిచిన ప్రతిసారీ "ఆఁ?" అంటూ ఉంటే మాత్రం పరధ్యానమని సరిపెట్టుకుంటారు. వైద్యుల లెక్క చాలావరకు దీనికి తలకిందులుగా ఉంటుంది. జ్వరంతో, నొప్పితో హడావుడి చేసే చెవి, ముక్కు, గొంతు జబ్బుల్లో ఎక్కువ భాగం పిల్లల డాక్టరు దగ్గరే నయమైపోతాయి, కొన్ని మందు లేకుండానే తగ్గుతాయి. ఈఎన్‌టీ నిపుణుడి అవసరం ఎక్కువగా పడేది చడీచప్పుడు లేకుండా తిష్ఠవేసే వాటికి. కాబట్టి నిపుణుడి దగ్గరికి వెళ్లాలా వద్దా అన్నది పిల్లల ఏడుపును బట్టి తేల్చకూడదు. ఎన్నాళ్ల నుంచి ఉంది, ఒక పక్కే ఉందా, వినికిడి, ఊపిరి, నిద్ర, మాట వీటిలో దేనినైనా దెబ్బతీస్తోందా అనే మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

చెవి సంగతే చూద్దాం. ముక్కు వెనక నుంచి మధ్య చెవికి గాలి చేరవేసే యూస్టేషియన్ గొట్టం చిన్నపిల్లల్లో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. అందుకే జలుబు చేసిన రెండు మూడు రోజులకే చెవిపోటు వస్తుంది. ఏడాదికి ఆరేడు సార్లు జలుబు చేయడం పసివయసులో మామూలే కనుక చెవిపోటూ అరుదేమీ కాదు. రెండేళ్లు దాటిన పిల్లల్లో నొప్పి తీవ్రంగా లేకపోతే, జ్వరం 102 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటకపోతే, నొప్పి మందు ఇస్తూ 48 నుంచి 72 గంటలు గమనించి, తగ్గకపోతేనే యాంటీబయాటిక్ మొదలుపెట్టవచ్చని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2013లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆరు నెలల్లోపు బిడ్డకు ఈ వెసులుబాటు లేదు. ఆరు నెలల్లో మూడుసార్లు, లేదా ఏడాదిలో నాలుగుసార్లు ఇలా చెవిపోటు వస్తే అప్పుడు నిపుణుడికి చూపించాలి.

అసలు చిక్కు నొప్పి తగ్గాక మొదలవుతుంది. చీము పోయినా కర్ణభేరి వెనక జిగట ద్రవం నిలిచిపోవచ్చు. దానివల్ల జ్వరం రాదు, నొప్పి ఉండదు, పిల్లాడు ఆడుకుంటూనే ఉంటాడు. కానీ వినికిడి సగటున 25 డెసిబెల్స్ దాకా తగ్గుతుంది. అంటే గుసగుసలు వినపడవు, వెనక బెంచీకి టీచరు మాట సగమే చేరుతుంది, స, త, ప లాంటి మెత్తని శబ్దాలు జారిపోతాయి. ఎక్కువమందిలో ఈ ద్రవం మూడు నెలల్లోపే దానంతటదే ఇంకిపోతుంది కాబట్టి మొదటి రోజే కంగారు అక్కర్లేదు. మూడు నెలలు దాటినా ఉంటే మాత్రం వినికిడి పరీక్ష తప్పనిసరి. రెండు చెవుల్లోనూ ఉండి వినికిడి తగ్గితే కర్ణభేరిలో గ్రోమెట్ అనే చిన్న గొట్టం అమర్చడం గురించి డాక్టరు ఆలోచిస్తారు.

చెవి కారడానికీ గడువుంది. రెండు వారాలు దాటి కారుతుంటే దాన్ని దీర్ఘకాలిక వ్యాధిగానే చూడాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. నొప్పి లేదు కదా అన్నది ఇక్కడ ధైర్యం చెప్పుకోవలసిన మాట కాదు. దుర్వాసనతో కొద్దికొద్దిగా కారే చెవిలో కొలెస్టియటోమా ఉండవచ్చు. చర్మం పొరలు లోపల పేరుకుని, నొప్పి తెలియకుండానే వినికిడి ఎముకలను తినేసే జబ్బు అది. ఇలాంటి చెవిలో కాచిన వెల్లుల్లి నూనె పోయడం, గులిమి తీస్తామని పిన్నీసు పెట్టడం కీడు చేస్తాయి. చెవి వెనక వాచి ఎర్రబడి, చెవి ముందుకు పొడుచుకొచ్చినట్టు కనిపిస్తే చీము ఎముకకు పాకిందని అనుమానించి ఆ రోజే ఆసుపత్రికి చేర్చాలి.

"చప్పుడైతే తిరిగి చూస్తున్నాడుగా, వాళ్ల నాన్నకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయి" అని పెద్దవాళ్లు అంటుంటారు. ఆలస్యంగా మాట్లాడి బాగానే ఎదిగిన పిల్లలు ఉన్నమాట నిజమే. కానీ కొంత వినికిడి లోపమున్న బిడ్డ కూడా పళ్లెం కిందపడిన మోతకు ఉలిక్కిపడతాడు. మాటలు నేర్వడానికి ఆ మాత్రం వినికిడి చాలదు. నిద్రపోతున్న పసిబిడ్డ చెవిలో చిన్న మొన పెట్టి కొన్ని నిమిషాల్లో చేసే ఓఏఈ పరీక్షకు సూదీ లేదు, నొప్పీ లేదు. నెలలోపు ఈ పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స అన్నది వైద్యులు పెట్టుకున్న లక్ష్యం. మెదడు మాటలను పట్టుకునే వయసు గడిచాక కాక్లియర్ ఇంప్లాంట్ (లోపలి చెవిలో ఆపరేషన్‌తో పెట్టే వినికిడి పరికరం) అమర్చినా ఫలితం తగ్గుతుంది. పదహారు నెలలకు ఒక్క మాటైనా రాకపోతే ఎదురుచూడకుండా వినికిడి పరీక్ష చేయించడమే క్షేమం.

"ఈఎన్‌టీ దగ్గరికి వెళ్తే ఆపరేషన్ అంటారు" అన్నది మరో భయం. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత మనకు ఉండనే ఉంది. నిజానికి ఆ ఆపరేషన్లకు కట్టుదిట్టమైన కొలతలున్నాయి. గొంతునొప్పి కోసం టాన్సిల్స్ తీయాలంటే ఏడాదిలో ఏడుసార్లు, లేదా వరుసగా రెండేళ్లు ఏటా ఐదుసార్లు, లేదా మూడేళ్లు ఏటా మూడుసార్లు నిర్ధారితమైన ఇన్‌ఫెక్షన్ వచ్చి ఉండాలి. టాన్సిల్స్ పెద్దగా కనిపించడం ఒక్కటే కారణం కాదు. గురక సంగతి వేరు. వారంలో చాలా రాత్రులు గురకపెడుతూ, నోరు తెరిచి మెడ వెనక్కి వాల్చి పడుకుని, మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడే పిల్లలకు ముక్కు వెనకున్న ఎడినాయిడ్స్, టాన్సిల్స్ అడ్డుపడుతుండవచ్చు. అమెరికాలో 5 నుంచి 9 ఏళ్ల పిల్లలపై జరిపి 2013లో ప్రచురించిన అధ్యయనంలో ఆపరేషన్ అయినవారిలో 79 శాతం మందికి నిద్ర పరీక్ష మామూలు స్థితికి వచ్చింది. ఏడు నెలలు కేవలం గమనిస్తూ ఉంచినవారిలోనూ 46 శాతం మందికి వచ్చింది. అంటే "వయసొస్తే అదే పోతుంది" అన్న మాటలో సగం నిజముంది. ఏ సగంలో తమ బిడ్డ ఉన్నాడో పరీక్ష లేకుండా తల్లిదండ్రులు చెప్పలేరు.

ఇక ఒక పక్క లక్షణం. జలుబు రెండు ముక్కురంధ్రాలకూ వస్తుంది. ఒక్క రంధ్రం నుంచే దుర్వాసనతో చీమిడి కారుతుంటే లోపల పూసో, గింజో, స్పాంజి ముక్కో ఉందనుకోవాలి. అది బొత్తాం బ్యాటరీ అయితే తడి తగిలి క్షారం పుట్టి కొన్ని గంటల్లోనే ముక్కు దూలాన్ని కాల్చేస్తుంది. ఇంట్లో తీయబోకుండా, చుక్కలు వేయకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పల్లీలో, సీతాఫలం గింజలో తింటూ ఒక్కసారిగా ఉక్కిరిబిక్కిరై, తర్వాత తేరుకున్నా దగ్గు వదలని పిల్లలకూ ఇదే వర్తిస్తుంది. గింజ ఊపిరితిత్తుల గొట్టంలో ఉండిపోయి ఉండవచ్చు. ఊపిరి పీల్చినప్పుడు కూత, చొల్లు మింగలేకపోవడం, నోరు తెరవలేకపోవడం ఉంటే గంటలు లెక్కపెట్టుకోకూడదు.

నిపుణులు పట్నాల్లోనే ఉంటారు, రోజు కూలి పోగొట్టుకుని ఎన్నిసార్లు తిరగగలం అన్న ప్రశ్న న్యాయమైనదే. అందుకే మొదటి గడప పిల్లల డాక్టరుదో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానిదో కావాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బడుల్లో వినికిడి లోపాన్నీ గమనించి జిల్లా కేంద్రానికి ఉచితంగా పంపుతాయి. కాక్లియర్ ఇంప్లాంట్‌ను ఆరోగ్యశ్రీలోనూ చేర్చారు, దానికి వయోపరిమితి ఉంది కనుక ఆలస్యం చేయకూడదు. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు జబ్బు వచ్చిన తేదీలు ఒక కాగితం మీద రాసుకోండి, ఏ పక్కో గుర్తుపెట్టుకోండి, గురకను సెల్‌ఫోన్‌లో వీడియో తీయండి. మూడు నెలలైనా చెవిలో ద్రవం తగ్గకపోతే "వినికిడి పరీక్ష రాయండి" అని మీరే అడగండి.