మేస్త్రి మనవాడే, అయినా కాగితం ఉండాలి

ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు. ఉన్న ఇంటిని బాగుచేయించడం అంతకన్నా కష్టమని బ్యాంకులో గృహరుణాలు చూసిన ఇన్నేళ్లలో నాకు అర్థమైంది. కొత్త ఇంటికి ప్లాను, అంచనా ఉంటాయి. మిద్దె కురుస్తోందనో, అబ్బాయి పెళ్లికి పైన గది కావాలనో మొదలుపెట్టే పనికి చాలాసార్లు నోటిమాటే ఆధారం.

మనకు ఇంకో బలహీనత ఉంది. చెన్నైలోనైనా, బరంపురంలోనైనా మేస్త్రి తెలుగు మాట్లాడితే ప్రాణం లేచివస్తుంది. మా ఖాతాదారు ఒకాయన "మనవాడే కదండీ" అని సగం డబ్బు ముందే ఇచ్చేశారు. సెంట్రింగు చెక్కలు వచ్చాయి, మేస్త్రి మాత్రం రెండు నెలలు కనబడలేదు. మోసగాడేం కాదు పాపం. ఈయన డబ్బుతో అంతకుముందు ఒప్పుకున్న ఇంటి పని పూర్తిచేస్తున్నాడు. చిన్న మేస్త్రీలకు పెట్టుబడి ఉండదు; ఒకరి అడ్వాన్సు ఇంకొకరి ఇంట్లో గోడవుతుంది.

అందుకే డబ్బు పని వెనక నడవాలి. మా బ్యాంకు కూడా కట్టుబడి రుణం ఒక్కసారిగా ఇవ్వదు, పని చూసి విడతలుగా ఇస్తుంది. మీ సొంత డబ్బుకూ అదే పద్ధతి పెట్టుకోండి. సామాను మీరే కొని, కూలి మాత్రం మాట్లాడుకుంటే అడ్వాన్సు కొద్దిగా సరిపోతుంది. ఇచ్చిన ప్రతి పైసాకూ సంతకం తీసుకోండి.

మేస్త్రిని కుదుర్చుకునేముందు, అతను పని చేసి రెండు వానాకాలాలు దాటిన ఇల్లొకటి చూసి రండి. అక్కడ ఇంటావిడను అడగండి. బాత్రూములో నీళ్లు ఏ మూల నిలుస్తున్నాయో ఆవిడకే తెలుస్తుంది. పైన గది వేయాలంటే పాత పునాది మోస్తుందో లేదో మేస్త్రి కాదు, ఇంజినీరు చెప్పాలి.

ఇక కాగితం. అది మేస్త్రి చదవగలిగిన లిపిలో ఉండాలి. తెలుగు మాట్లాడినా చదువు తమిళంలోనో, కన్నడంలోనో అయివుంటుంది. మన పిల్లల సంగతీ అంతే కదా! ఇసుకను మహారాష్ట్రలో బ్రాసుల్లో, తమిళనాడులో యూనిట్లలో చెబుతారు. రెండూ 100 ఘనపుటడుగులే. 'లోడు' అంటే మాత్రం లారీని బట్టి మారుతుంది, కాబట్టి ఘనపుటడుగుల్లోనే రాయించండి. గోడ మందం, సిమెంటు రకం, పగలగొట్టిన చెత్త ఎవరు ఎత్తించాలన్నదీ రాయాలి. తగాదాలు ఎక్కువగా ఈ చెత్త దగ్గరే వస్తాయి. కొత్త కాంక్రీటును కనీసం 7 రోజులు, పి.పి.సి. సిమెంటు అయితే 10 రోజులు తడపాలి. ఆ నీళ్లు ఎవరు పోయాలో కూడా రాయకపోతే ఎవరూ పోయరు.

చివరి పదిశాతం చేతిలో ఉంచుకోండి. మిద్దె మరమ్మతయితే, పని ఆరాక నీళ్లగొట్టాలు మూసి రెండు రోజులు పైన నీళ్లు నిలబెట్టండి. కింద చెమ్మ దిగలేదని చూసుకున్నాకే మేస్త్రిని పిలిచి, ఆ బాకీ అదే రోజు తీర్చేయండి.